పాత ఫియట్, అంబాసిడర్‌లకు పవర్ స్టీరింగ్ వేశాక షేకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న కొన్న ఫియట్ ఇప్పుడు నా దగ్గరుంది. ఆర్సీలో ప్రీమియర్ పద్మిని అని ఉంటుంది కానీ, కడపలో దాన్ని పద్మిని అని పిలిచినవాళ్లను నేను చూడలేదు. రెండేళ్ల కిందట స్క్రాప్‌లో దొరికిన ఒక చిన్న కారు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కాలమ్‌ను, అంటే స్టీరింగ్ చక్రం కింది కడ్డీని మోటారుతో సహా, దానికి ఎక్కించాం. ఏడు రోడ్ల దగ్గర రద్దీలో ఒంటి చేత్తో తిప్పుకుంటూ తెగ మురిసిపోయాను. ఆ సాయంత్రమే మైదుకూరు రోడ్డెక్కి 70 దాటేసరికి స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. దాని వెనక పడి దాదాపు మూడు నెలలు తిరిగాను. అప్పటినుంచి ప్రొద్దుటూరు, అనంతపురం, కర్నూలు వైపు పాత బండ్లవాళ్లు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను మెకానిక్‌ను కాదు, కాబట్టి మీ బండి కింద దూరి చూసిన మేస్త్రీ మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి.

ముందు ఈ షేకింగ్ లేదు, పవర్ స్టీరింగ్ వేశాకే వచ్చింది. తప్పు దానిదే కదా?

తొంభై పాళ్లు కాదు. వణుకు ముందునుంచీ ఉంది, మీ చేతికి తెలియలేదు, అంతే. ఫియట్‌లో ఉండేది వార్మ్ రకం, అంటే మరమెలిక గేరుతో తిరిగే స్టీరింగ్ బాక్స్. అందులో రాపిడి ఎక్కువ, చక్రం దగ్గర పుట్టిన అదురులో చాలా భాగాన్ని అది మధ్యలోనే మింగేస్తుంది. పైగా ఆ బరువు స్టీరింగ్‌ను మనం రెండు చేతులతో ఉడుంపట్టు పట్టేవాళ్లం. ఇప్పుడు రెండు వేళ్లతో పట్టుకుంటున్నాం కాబట్టి చిన్న అదురు కూడా పెద్దగా తెలుస్తుంది. అంబాసిడర్‌కు మొదటినుంచీ ర్యాక్ అండ్ పినియనే (చిన్న పళ్ల చక్రం ఒక పళ్ల కడ్డీని పక్కకు జరిపే రకం), అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండ్ కారు నుంచి వచ్చిన వారసత్వం, కాబట్టి ఆ ఓనర్లకు రోడ్డు చేతికి తెలియడం కొత్తేమీ కాదు.

మిగతా పది పాళ్లు మాత్రం నిజంగానే కొత్తగా వచ్చిన తప్పులు. ఫిట్టింగ్‌లో కొత్త క్రాస్‌లు (షాఫ్ట్ వంగేచోట పెట్టే కీళ్లు), కొత్త బ్రాకెట్లు, కొత్త కప్లింగ్ చేరతాయి, వాటిలో ఏదో ఒకటి వంకరగానో వదులుగానో ఉంటుంది. వాటి సంగతి కింద చెప్తాను.

ఏ రకం వణుకు దేనివల్ల వస్తుందో ఎలా తెలుసుకోవాలి?

గ్యారేజీకి పోయి "షేక్ అవుతాంది అన్నా" అంటే ఏ మేస్త్రీ అయినా ముందు బ్యాలెన్సింగ్ చేయించమనే అంటాడు. ఆయన తప్పు కాదది, మనం చెప్పింది అంతే మరి. వెళ్లేముందు ఒక అరగంట బండి నడిపి, ఎప్పుడు వస్తోందో గమనించండి.

ఒక స్పీడ్‌లో మొదలై, ఇంకాస్త పెంచితే తగ్గిపోతే, అంటే 70 నుంచి 100 మధ్య ఎక్కడో వచ్చి పోతుంటే, అది దాదాపుగా చక్రాలది: బ్యాలెన్స్, టైరు, రిమ్. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే డ్రమ్ము గుండ్రం పోయింది, డిస్క్ వేసిన బండి అయితే డిస్క్ వంకర పోయింది. బండి ఆగి ఉన్నా ఇంజిన్ రేజ్ చేస్తే వస్తోందంటే ఇంజిన్ మౌంటింగులు చూడాలి, స్టీరింగ్‌ను అనవసరంగా విప్పకండి. చేతుల్లో కంటే సీటు కింద, ఫ్లోర్‌లో ఎక్కువ తెలిస్తే వెనక చక్రాలు గానీ, ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ గానీ. గుంత ఎక్కి దిగాక మొదలై, స్పీడ్ బాగా తగ్గిస్తే గానీ ఆగకపోతే మాత్రం ఎక్కడో లూజు ఉంది, దాన్ని వాయిదా వేయకండి.

ఇంకో చిన్న పరీక్ష. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, వణుకు వచ్చే స్పీడ్‌లో గేరు న్యూట్రల్ చేసి ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో వదలండి. ఇంజిన్ మాత్రం ఆపకండి. వణుకు అలాగే ఉంటే అది చక్రాలతో తిరిగే వస్తువుది, పోతే ఇంజిన్ వైపుది.

పవర్ స్టీరింగ్ వేయించేముందు ఏం చూసుకోవాలి?

ముందు చక్రాల నుంచి స్టీరింగ్ దాకా ఉన్న ప్రతి కీలులో లూజు తీసేయాలి. ఇది నేను చేయలేదు. చేసుంటే మూడు నెలలు మిగిలేవి.

ఎలా చూడాలంటే, ముందు ఒక చక్రం జాకీ మీద లేపి, స్టాండ్ పెట్టండి, జాకీని మాత్రం నమ్మకండి. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి టైరును లోపలికీ బయటికీ ఊపండి. ఆట తెలిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగ్ లూజు, తొక్కినా ఉంటే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బుష్షులు. తర్వాత చేతులు అటూ ఇటూ పక్కలకు పెట్టి ఊపండి, ఆ ఆట టై రాడ్ ఎండ్‌లదో (చక్రాలను తిప్పే కడ్డీల చివరి కీళ్లు), ఐడ్లర్ ఆర్మ్‌దో (బాక్స్‌కు అవతలి వైపు ఆ కడ్డీలను మోసే చెయ్యి), బాక్స్‌దో అవుతుంది.

ఐడ్లర్ ఆర్మ్ లూజు కళ్లతో చూస్తే కనపడదు, వేలితో తెలుసుకోవాలి. మేస్త్రీ భాయ్ నన్ను పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి దాని మీద పడుకోమన్నాడు. చక్రాలు నేల మీదే ఉన్నాయి. ఒక పిల్లవాణ్ణి సీట్లో కూచోబెట్టి స్టీరింగ్‌ను బెత్తెడు అటూ ఇటూ ఊపమన్నాడు. నా బొటనవేలిని ఐడ్లర్ ఆర్మ్ బుష్ మీద, సగం ఆర్మ్‌కు సగం బ్రాకెట్‌కు తగిలేలా పెట్టించాడు. వేలి కింద టిక్, టిక్ అని కొట్టుకుంది. బయటికి చూస్తే గ్రీజు, దుమ్ము పేరుకుని అంతా గట్టిగానే ఉన్నట్టుంది. "ఇది పెట్టుకుని కొత్త స్టీరింగ్ ఎక్కించినావా సామీ" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బుష్షులు మార్చేటప్పుడు ఒక మాట. రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్‌ల బోల్టులను బండి గాల్లో ఉండగా ఫైనల్‌గా బిగించకూడదు. చక్రాల మీద బరువు పడి, బండి తన ఎత్తులో నిలబడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. కింగ్ పిన్‌కు గ్రీజు మాత్రం చక్రం గాల్లో ఉండగా కొట్టండి, అప్పుడే బరువు మోసే చోటికి గ్రీజు పోతుంది.

బ్యాలెన్సింగ్ మూడుసార్లు చేయించాను, అయినా పోలేదు.

నాదీ అదే కథ. బ్యాలెన్సింగ్ మెషిన్ చూసేది బరువు ఎక్కడ ఎక్కువుందో మాత్రమే. రిమ్ వంగి చక్రం ఊగుతున్నా, సీసం ముక్కలు అతికించి మెషిన్ మీద సున్నా చూపించొచ్చు. నేను వెళ్లిన చోట మూడుసార్లూ సున్నా చూపించారు, మూడుసార్లూ డబ్బులు తీసుకున్నారు, ఒక్కసారి కూడా చక్రం తిరుగుతుంటే పక్కనుంచి చూడలేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. చక్రం లేపి, రిమ్ అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఒక సుద్దముక్కను ఇటుక మీద ఆనించి పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పండి. చుట్టూ సన్నగా గీత పడితే మంచిదే. ఒక్కచోటే గీసి మిగతా చోట అంటకపోతే అక్కడ వంగింది. నా ఎడమ ముందు రిమ్‌కు జానెడు మేర మాత్రమే తెల్లగా గీత పడింది. మా ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర దాటి ఊగుతుంటే ఆ రిమ్‌ను ముందు చక్రాలకు వాడకండి. వెంటనే తేల్చుకోవాలంటే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడపండి, వణుకు చేతుల్లోంచి సీటు కిందికి పోతే దొంగ దొరికినట్టే.

టైరు వయసు కూడా చూడండి. పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. పాత బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాట్లు కొత్తగానే ఉంటాయి, లోపల రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. మన ఎండలకు నెలల తరబడి ఒకేచోట నిలబెడితే నేలకు ఆనిన భాగం చదునైపోతుంది. పదీ పదిహేను కిలోమీటర్లు నడిపాక టైరు వేడెక్కి వణుకు తగ్గిపోతే అది ఇదే. తగ్గకపోతే టైరు ఇక లేవదు.

అలాయ్ వీల్స్ వేసినవాళ్లు మధ్య రంధ్రం హబ్‌కు సరిగ్గా కూచుందో లేదో చూడండి, పెద్దగా ఉంటే రింగు కావాలి. వెడల్పు టైర్లు బయటికి తోసుకొచ్చేలా వేస్తే రోడ్డు మీది ప్రతి గుంతా స్టీరింగ్‌ను గుంజుతుంది, దానికి పవర్ స్టీరింగ్‌ను తిట్టి లాభం లేదు.

హైవేలో వణుకు లేదు, కానీ తిప్పేటప్పుడు ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా ఉంటోంది. ఎందుకు?

ఇదే అసలు ఫిట్టింగ్ తప్పు, ఎక్కువ మంది మేస్త్రీలకు పట్టనిది. కొత్త కాలమ్ నుంచి పాత బాక్స్‌కు తిన్నగా షాఫ్ట్ పోదు, మధ్యలో రెండు క్రాస్‌లు పెట్టాలి. ఒక్క క్రాస్ 30 డిగ్రీలు వంగి ఉందనుకోండి. మీరు ఇటు ఒకే వేగంతో తిప్పినా అటువైపు షాఫ్ట్ ఒక్క చుట్టులో రెండుసార్లు 15 శాతం దాకా తొందరగా, రెండుసార్లు 13 శాతం దాకా నిదానంగా తిరుగుతుంది. 20 డిగ్రీలయితే ఆ తేడా 6 శాతమే. అంటే వంపు కాస్త పెరిగితే బాధ చాలా పెరుగుతుంది.

రెండో క్రాస్ పని ఈ తేడాను కొట్టేయడం. కానీ అది జరగాలంటే రెండు షరతులు. రెండు క్రాస్‌ల వంపు సమానంగా ఉండాలి. మధ్య షాఫ్ట్ రెండు చివర్ల ఉన్న ఫోర్కులు ఒకే వరుసలో ఉండాలి, అంటే షాఫ్ట్‌ను బల్ల మీద పెడితే రెండు ఫోర్కులూ ఒకేలా పడుకోవాలి. ఒకటి పడుకుని ఒకటి నిలబడిందంటే తేడా కొట్టేసుకోకపోగా రెట్టింపవుతుంది. నా బండిలో సరిగ్గా అదే జరిగింది. షాఫ్ట్ విప్పి, ఒక చివర స్ప్లైన్ (షాఫ్ట్ చివరి పళ్లు) మీద పావు చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించాం, పని మొత్తం పది నిమిషాలు. ఏడు రోడ్ల దగ్గర మలుపు తిరిగేటప్పుడు స్టీరింగ్ రెండుసార్లు ఎక్కి దిగినట్టుండేది, అది మాయమైంది. కాలమ్ కిందికే కాకుండా పక్కకు కూడా వంగి ఉంటే ఈ వరుస కొంచెం మారుతుంది, అప్పుడు ఒక్కో పన్ను జరిపి చేతికి నునుపుగా తిరిగేచోట ఆపాలి.

ఒక్కో క్రాస్ 30 డిగ్రీల లోపు ఉంచండి, 35 దాటితే వద్దే వద్దు. చోటు లేక మూడో క్రాస్ పెట్టాల్సి వస్తే మధ్యలో షాఫ్ట్‌ను పట్టుకునే సపోర్ట్ బేరింగ్ తప్పనిసరి, అది లేకుంటే షాఫ్ట్ తాడులా ఊగుతుంది.

పాత షాఫ్ట్, కొత్త షాఫ్ట్ కలిపి వెల్డింగ్ చేయిస్తే సరిపోదా? లేత్ షాపులో గంటలో చేస్తామన్నారు.

వద్దు. వెల్డింగ్ పక్కన ఇనుము పెళుసెక్కుతుంది, అది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. విరిగిన రోజు చేతిలో చక్రం ఉంటుంది, బండి మాత్రం తన దారిన పోతుంది. అదే లేత్ షాపులో రెండు వైపులా స్ప్లైన్లు సరిపోయే కప్లింగ్ చేయించండి, బోల్టు షాఫ్ట్ మీది గాడిలో కూచోవాలి, లాక్ నట్ పడాలి. పైగా పాత బండ్లలో కొన్నింటికి కాలమ్ నిలువునా ఒకే ఇనుప కడ్డీ. మధ్యలో రెండు క్రాస్‌లు ఉంటే గుద్దుకున్నప్పుడు అది మడుచుకునే అవకాశమైనా ఉంటుంది.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ వేశాను. బండి ఆగి ఉన్నా స్టీరింగ్ దానంతటదే చిన్నగా కొట్టుకుంటోంది.

ఆ కాలమ్ లోపల సన్నటి టార్షన్ బార్ (తిప్పితే కాస్త మెలితిరిగే కడ్డీ), దాని మెలికను కొలిచే సెన్సార్ ఉంటాయి. మీరు ఎంత బలంతో తిప్పుతున్నారో అది చూసి మోటారు సాయం చేస్తుంది. ఫిట్టింగ్‌లో షాఫ్ట్‌ను సుత్తితో కొట్టినా, బ్రాకెట్ వంకరగా బిగించి కాలమ్‌ను మెలిపెట్టినా సెన్సార్‌కు ఎవరో తిప్పుతున్నట్టే అనిపిస్తుంది. మోటారు అటు లాగుతుంది, ఎక్కువైందని ఇటు లాగుతుంది. బ్రాకెట్ బోల్టులన్నీ వదులు చేసి కాలమ్‌ను తన దారిలో కూచోనిచ్చి మళ్లీ బిగించి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది.

రెండోది కరెంటు. బలంగా తిప్పేటప్పుడు ఆ మోటారు 40 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాగుతుంది. డైనమో ఉన్న బండికి ఇది మోయలేని బరువు, ఆల్టర్నేటర్ వేయాల్సిందే. వైరు బ్యాటరీ నుంచి నేరుగా, లావుగా, ఫ్యూజుతో రావాలి, పాత ఇగ్నిషన్ వైరులోంచి దొంగతనంగా లాగితే వోల్టేజీ పడిపోయి సాయం వచ్చి పోతూ వణుకులా తెలుస్తుంది. పాత ఇంగ్లండ్ రకం బండ్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైపును బాడీకి కలుపుతారు, అది చూసుకోకుండా కనెక్షన్ ఇస్తే ఈసీయూ (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోతుంది.

మూడోది స్పీడ్ సిగ్నల్. అసలు కారులో స్పీడ్ పెరిగేకొద్దీ సాయం తగ్గుతుంది. పాత బండికి ఆ సిగ్నల్ రాదు కాబట్టి చాలా కాలమ్‌లు ఒకే స్థాయిలో సాయం చేస్తాయి. హైవేలో స్టీరింగ్ మరీ తేలికై, మీరు సరిచేసేకొద్దీ బండి పాములా పోతుంది. చాలామంది దీన్నే షేకింగ్ అంటారు. స్పీడోమీటర్ కేబుల్ దగ్గర సెన్సార్ పెట్టి సిగ్నల్ ఇవ్వొచ్చు, లేదా సాయాన్ని తగ్గించుకునే కంట్రోలర్ పెట్టుకోవచ్చు. నేను రెండోది పెట్టాను, ఘాట్‌లో ఒక స్థాయి, ఊళ్లో ఒక స్థాయి.

హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) పవర్ స్టీరింగ్ అయితే?

గుర్రుమని శబ్దంతో పాటు వణికితే లోపల గాలి ఉంది. ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేను ఇరవై సార్లు మెల్లగా తిప్పండి. డబ్బాలో నురగ పోయాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి. తిప్పేటప్పుడు కీచుమంటే బెల్టు వదులు. చివరికంటా తిప్పి అలాగే పట్టుకుని నిలబడటం పంపుకు మంచిది కాదు.

ఫియట్ బాక్స్ తీసేసి ర్యాక్ వేయించమంటున్నారు. వేయించాలా?

నా అభిప్రాయం అడిగితే, వద్దు. ర్యాక్ ఎక్కడో ఒకచోట బిగించడం తేలికే, సరైన ఎత్తులో బిగించడమే కష్టం. ర్యాక్ రెండు చివర్ల కీళ్లు సస్పెన్షన్ ఆర్మ్‌ల కీళ్లతో వరుస కలవాలి. కలవకపోతే చక్రం గుంతలో పైకీ కిందికీ ఆడినప్పుడల్లా దానంతటదే పక్కకు తిరుగుతుంది. అనంతపురం వైపు ఒకాయన ఫియట్‌లో కూచుని చూశాను, గుంత వస్తే బండి ఎడమకు ఒక అడుగు, కుడికి ఒక అడుగు వేసేది. వేయించక తప్పదంటే స్ప్రింగులు తీసి, చక్రాన్ని జాకీతో పైకీ కిందికీ ఆడించి, టైరు ముందు అంచు తిరుగుతుందో లేదో కొలిచాకే బ్రాకెట్‌ను ఫైనల్ చేయమనండి.

అలైన్‌మెంట్ పాత లెక్క ప్రకారమే చేయించాలా?

టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మాన్యువల్ ప్రకారమే. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం) దగ్గరే ఆలోచించాలి. పవర్ స్టీరింగ్ లేని కాలంలో తిప్పడం తేలికగా ఉండాలని క్యాస్టర్ తక్కువ పెట్టేవాళ్లు. ఇప్పుడు కొంచెం పెంచితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తుంది, హైవేలో నిలకడ వస్తుంది. కింగ్ పిన్ బుష్షులు లూజుగా ఉండగా పెంచితే మాత్రం షేకింగ్ ఇంకా ముదురుతుంది. ముందు లూజు, తర్వాతే క్యాస్టర్.

జీపుకు స్టీరింగ్ డ్యాంపర్ వేశాక తగ్గింది. కారుకూ వేయొచ్చా?

స్టీరింగ్ అదురును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిదది; వేయొచ్చు, కానీ అది నొప్పి మాత్ర. పాత జీపుల ముందు యాక్సిల్ కొట్టుకుంటే కింగ్ పిన్ బేరింగులూ రాడ్ ఎండ్‌లూ చూడాలి. డ్యాంపర్ ఆ లూజును దాస్తుంది, లోపల అరుగుదల ఆగదు. ఇక దీనిమీద ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఆర్టీఓతో ఇబ్బంది ఉంటుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. స్టీరింగ్ విషయంలో ముందే ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పడం మంచిది. మీ బండికి 50 ఏళ్లు దాటి, 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలనుకుంటే మాత్రం ఆగండి. అది అసలు రూపంలో ఉంచిన బండ్ల కోసం పెట్టింది, పైగా ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి కుదరదు.

అన్నీ చేశాక ఎక్కడ నడిపి చూడాలి?

మైదుకూరు వైపు తిన్నని రోడ్డు చక్రాల వణుకుకు సరిపోతుంది. స్టీరింగ్ సంగతి తేలాలంటే రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. మలుపు మలుపుకూ స్టీరింగ్ మధ్యకు వస్తోందా, గట్టి వదులు తేడా ఉందా, లారీ వెనక పది కిలోమీటర్ల స్పీడ్‌లో మోటారు వేడెక్కి సాయం తగ్గుతోందా, అన్నీ అక్కడ తెలుస్తాయి. పైకెక్కాక బండి ఆపి, ముందు చక్రాల హబ్‌లు రెండూ చేత్తో తాకి చూడండి, ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేసింది. మెల్లగా తాకండి, కాలుతుంది. ఎలాగూ ఆగారు కాబట్టి పాలకోవా కూడా తీసుకోండి.

నా బండి ఇప్పుడు 80 దాకా గుండ్రాయిలా పోతుంది. 85 దగ్గర సీటు కింద సన్నటి అదురు ఒకటి మిగిలింది. భాయ్ ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటున్నాడు, నేను వెనక కుడి రిమ్ అంటున్నాను. వచ్చే ఆదివారం సుద్దముక్క తీసుకుని రమ్మన్నాడు.